పాత అంబాసిడర్ పికప్‌లో తడబడుతోందా? కార్బురేటర్ మార్చే ముందు ఈ పరీక్షలు చేయండి

ముందుగా ఒక శబ్దం వినండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

(ఇంజన్ శబ్దం)

విన్నారు కదా? ఐడ్లింగ్‌లో చక్కగా తిరుగుతోంది. యాక్సిలరేటర్ నొక్కగానే ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టు ఆగి, మళ్ళీ అందుకుంటోంది. ఈ రోజు ఎపిసోడ్ అంతా ఆ ఒక్క క్షణం గురించే. ఎందుకంటే దానివల్ల మా తాతయ్య కారుని మేం దాదాపు అమ్మేశాం. అంతకంటే ముందు, అమ్మానాన్నలతో సహా నేను ఒక లారీ ముందు ఇరుక్కుపోయాను.

కారు సంగతి చెప్తాను. 1978 మోడల్ అంబాసిడర్, మార్క్ 3. పెట్రోల్ ఇంజన్, 1489 సీసీ. ఇది అసలు ఇంగ్లాండులో పుట్టిన ఇంజన్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు డిజైన్ తీసుకుని, పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారుచేశారు. 2014లో ఆపేశారు. మా తాతయ్య దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నాన్న డ్రైవింగ్ నేర్చుకున్నది ఇందులోనే. నేనూ ఇందులోనే నేర్చుకున్నాను.

పోయిన వేసవిలో రావులపాలెం దగ్గర హైవే దాటాలి. నేను నడుపుతున్నాను, నాన్న పక్కన, అమ్మ వెనక సీట్లో. అటూ ఇటూ చూశాను. లారీ దూరంగానే ఉంది, దాటేయొచ్చు అనుకుని ఫస్ట్ గేర్‌లో వదిలాను. బండి సగం రోడ్డు మీదకి వచ్చాక యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజన్ చచ్చిపోయినట్టయింది. మహా అయితే ఒక సెకను. కానీ లారీ హారన్ వింటూ ఆ సెకను గడపడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. మళ్ళీ అందుకుంది, దాటేశాం. అవతలి పక్క ఆపాక అమ్మ ఏమీ మాట్లాడలేదు. నాన్న మాత్రం, "ఇంక చాల్లేరా, దీన్ని ఇచ్చేద్దాం" అన్నారు.

ఇంటికొచ్చాక నేను నాన్నని ఒక నెల గడువు అడిగాను. ఆ నెలలో ఏం జరిగిందో వరసగా చెప్తాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది, దాచకుండా చెప్తాను.

మొదట దగ్గర్లో ఉన్న ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. "పికప్‌లో పడిపోతోందంటే కార్బురేటరే" అన్నారు. విప్పి, జెట్లు ఊది, కడిగి బిగించారు. రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది, మూడో రోజు మళ్ళీ అదే కథ. రెండోసారి వెళ్తే, "కార్బురేటర్ అరిగిపోయింది, కొత్తది వేయాలి" అన్నారు. నాన్న మాత్రం బంకు మీద పడ్డారు. "ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత బండికి అది పడట్లేదు" అని. నాన్న మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ఇథనాల్ కలిస్తే మిక్చర్ కాస్త పల్చబడుతుంది. పాత రబ్బరు పైపుల్ని అది పాడుచేస్తుంది కూడా. కానీ మా బండిలో జబ్బు అదేనా? ఎవరమూ పరీక్ష చేయలేదు. అందరం ఊహించాం, అంతే.

ఇక నా వంతు. ఎక్కడో విన్నాను, "పికప్ లేకపోతే టైమింగ్ కొంచెం అడ్వాన్స్ చెయ్" అని. డెల్కో బిగింపు బోల్టు వదులు చేసి, చెవితో వింటూ కొద్దిగా తిప్పాను. డెల్కో అంటే డిస్ట్రిబ్యూటర్, గ్యారేజీల్లో అందరూ అలాగే అంటారు. తిప్పగానే ఇంజన్ వేగం పెరిగింది, శబ్దం చురుగ్గా వచ్చింది. సాధించేశాననుకున్నాను. మర్నాడు నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, ఇంజన్ లోపల డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు టకటకమని చప్పుడు. అదే నాకింగ్. పైగా అసలు తడబాటు అలాగే ఉంది. అంటే ఉన్న జబ్బు పోలేదు, నేను కొత్త జబ్బు తెచ్చిపెట్టాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, టైమింగ్ అంటే ఏంటో సులువుగా చెప్తాను. ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తడుతుంది.

సిలిండర్లో పిస్టన్ పైకొస్తూ పెట్రోలూ గాలీ కలిసిన మిక్చర్‌ని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్ దగ్గర స్పార్క్ పడాలి. పిస్టన్ సరిగ్గా పైకి చేరాక స్పార్క్ పడాలని చాలామంది అనుకుంటారు. కానీ మిక్చర్ ఒక్కసారిగా పేలిపోదు. మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ అంతా పాకాలి. దానికి కొంత టైమ్ పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరడానికి కొంచెం ముందే స్పార్క్ పడాలి. ఆ "కొంచెం ముందు"నే డిగ్రీల్లో కొలుస్తాం.

ఇప్పుడు లెక్క చూడండి. మంట పాకడానికి సెకనులో వెయ్యో వంతులు రెండు పడుతుందనుకుందాం, లెక్క సులువు కోసం. ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే, ఆ టైములో క్రాంక్ సుమారు 7 డిగ్రీలు తిరుగుతుంది. అదే 3000 చుట్లలో అయితే 36 డిగ్రీలు తిరుగుతుంది. మంటకి పట్టే టైమ్ అంతే, కానీ ఇంజన్ పరుగు పెరిగింది. కాబట్టి వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ఇంకా ముందుకి జరగాలి.

కొత్త బండ్లలో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. మన అంబాసిడర్లో డెల్కోయే చేయాలి. అందులో రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి, అడుగున స్ప్రింగులు తగిలించిన రెండు చిన్న బరువులు. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని స్పార్క్‌ని ముందుకి జరుపుతాయి. రెండోది, పక్కన గుండ్రంగా డబ్బాలా ఉంటుంది చూడండి, అది వ్యాక్యూమ్ అడ్వాన్స్. కార్బురేటర్ నుంచి సన్న పైపు దీనికి వస్తుంది. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే ఆ పైపులో గాలి పీలుస్తుంది, లోపలి పొర లాగుతుంది, ఆ పొర పాయింట్ సెట్ ఉన్న ప్లేటుని కొద్దిగా తిప్పుతుంది. ఈ ప్లేటు సంగతి గుర్తుంచుకోండి. కథంతా దానిమీదే ఉంది.

టైమింగ్ వెనకబడితే, అంటే రిటార్డ్ అయితే, పికప్ మందంగా ఉంటుంది, ఇంజన్ తొందరగా వేడెక్కుతుంది. మరీ ముందుకెళ్తే నాకింగ్ వస్తుంది. నాకింగ్‌తో అలాగే తిప్పుతూ పోతే పిస్టన్ దెబ్బతింటుంది. చివరికి ఇంజన్ దింపాల్సి వస్తుంది. నేను చెవితో తిప్పినప్పుడు ఆ ప్రమాదం నాకు తెలీదు.

అప్పుడు మా ఊళ్ళో పాత కార్లు చేసిన ఒక మేస్త్రీ గారు గుర్తొచ్చారు. షెడ్డు మూసేసి చాలా కాలమైంది, ఇంటిదగ్గరే ఉంటారు. వెళ్ళి విషయం చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బాబూ, బండి మెత్తగా కుంగుతోందా, ఠక్కున తెగుతోందా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడాయన చెప్పారు. పెట్రోల్ అందకపోతే బండి అలసిపోయినట్టు మెత్తగా, సాగుతూ పడిపోతుందట. కరెంట్ తెగితే మాత్రం ఎవరో స్విచ్ ఆపి వేసినట్టు ఠక్కున తెగి, ఠక్కున వస్తుందట. నా ఫోన్లో రికార్డ్ చేసిన శబ్దం వినిపించాను, మీకు మొదట్లో వినిపించానే, అదే. ఆయన రెండుసార్లు విని, "ఇది తెగుతోంది" అన్నారు. మర్నాడు పొద్దున్నే వచ్చారు.

ఆయన చేసిన పరీక్షలు వరసగా చెప్తాను. మీ దగ్గర పాయింట్ సెట్ ఉన్న పాత కారు ఏదున్నా, అంబాసిడరైనా, పద్మినీ అయినా, ఇదే వరస పనికొస్తుంది.

మొదటిది, చోక్. ఇంజన్ వేడెక్కాక చోక్ కొద్దిగా లాగి యాక్సిలరేటర్ తొక్కారు. మిక్చర్ పల్చబడటమే కారణమైతే, చోక్ లాగితే తడబాటు తగ్గాలి. మాకు ఏ మార్పూ లేదు. "మీ నాన్నగారి ఇథనాల్ వాదం పోయింది" అని నవ్వారు.

రెండోది, కార్బురేటర్ పంపు. ఇంజన్ ఆపి, పైన ఎయిర్ క్లీనర్ తీసి, లోపలికి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ లాగారు. పిచికారీలా పెట్రోల్ సన్నగా చిమ్మింది. మా బండికున్నది సోలెక్స్ రకం, అందులో ఈ పంపు ఉంటుంది. మీ బండికి ఎస్‌యూ రకం ఉంటే పంపు ఉండదు. దాని పైమూత తిప్పి తీసి, లోపల ఆయిల్ ఉందో లేదో చూడాలి. ఆ ఆయిల్ లేకపోయినా పికప్‌లో తడబడుతుంది. మాది చక్కగా చిమ్మింది కాబట్టి, కార్బురేటర్ మీద పడ్డ నింద కూడా పోయింది.

మూడోది, డెల్కో మూత. తీసి లోపల పగుళ్ళున్నాయా, నల్లటి గీతలున్నాయా అని వెలుతురులో చూశారు. లేవు. రోటర్‌ని వేళ్ళతో పట్టుకుని తిప్పి వదిలితే, కొన్ని డిగ్రీలు తిరిగి స్ప్రింగులా వెనక్కి వచ్చింది. అంటే అడుగున బరువులు పట్టేయలేదు. పాయింట్ల మొహాలు చూశారు, మరీ కాలిపోలేదు. కండెన్సర్ పాడైతే పాయింట్లు నల్లగా కాలిపోతాయి. అదీ లేదు. గ్యాప్ మాత్రం బాగా తక్కువగా ఉంది. ఈ ఇంజన్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. మాది ఫీలర్ గేజ్ పెడితే అంతకంటే చాలా తక్కువ.

నాలుగోదే అసలైన పరీక్ష. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉంచి, వ్యాక్యూమ్ పైపుని కార్బురేటర్ దగ్గర ఊడదీశారు. కార్బురేటర్ వైపు రంధ్రాన్ని మూసేసి, పైపు రెండో కొస నా నోటికిచ్చి, "పీల్చు" అన్నారు. పీల్చాను. ఇంజన్ ఠక్కున తడబడింది! వదిలాను, మళ్ళీ తడబడి నిలబడింది. నిజానికి పీల్చినప్పుడు ఇంజన్ వేగం కాస్త పెరగాలి. ఇక్కడ ఆగిపోబోతోంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. నెల రోజులుగా రోడ్డు మీద భయపెట్టిన ఆ క్షణాన్ని, ఇప్పుడు ఇంటి ముందు నిలబడి నేనే నోటితో రప్పిస్తున్నాను.

"పైపు ఇలాగే వదిలేసి ఓ రౌండ్ తిప్పి రా" అన్నారు. వెళ్ళొచ్చాను. ఒక్కసారి కూడా తడబడలేదు. అంటే ప్లేటు కదిలితేనే కరెంట్ తెగుతోంది.

ఇంజన్ ఆపి, తాళం తీసేసి, డెల్కో లోపల చూపించారు. బయటి నుంచి పాయింట్ సెట్‌కి ఒక చిన్న వైరు వస్తుంది, వేలెడంత కూడా ఉండదు. పైన తొడుగు చూడ్డానికి బాగానే ఉంది. ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగితే, రబ్బరు బ్యాండులా సాగింది. లోపల రాగి పోగులు దాదాపు అన్నీ తెగిపోయాయి. ప్లేటు కదిలిన ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది. ఏళ్ళ తరబడి వంగి వంగి లోపల తెగింది. నిలకడగా ఉన్నప్పుడు తెగిన పోగులు ఒకదానికొకటి తగులుతున్నాయి, అందుకే ఐడ్లింగ్ బాగుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ప్లేటు కదిలి, పోగులు విడిపోతున్నాయి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లకి కలిపి సెకనుకి 100 స్పార్కులు పడాలి. అర సెకను వైరు తెగితే 50 స్పార్కులు పోయినట్టే. హైవే మీద మాకు జరిగింది అదే.

వైరు మార్చారు. ఇక్కడో జాగ్రత్త. ఇంటి కరెంటుకి వాడే ఒంటి తీగ వైరు వేయకండి, కొద్ది రోజుల్లోనే తెగుతుంది. సన్నటి పోగులు చాలా ఉండే మెత్తటి వైరే వేయాలి. ప్లేటు కదిలినా లాగినట్టు అవకుండా కాస్త వదులు ఉంచాలి. అలాగే ప్లేటుకీ డెల్కో బాడీకీ మధ్య చిన్న ఎర్త్ వైరు ఉంటుంది, దాన్ని కూడా ఇలాగే లాగి చూడండి.

ఆ తర్వాతే టైమింగ్ జోలికి వెళ్ళారు. అది కూడా ముందు పాయింట్ గ్యాప్ సరిచేశాకే. ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ దానంతటదే మారుతుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, అంటే అడ్వాన్స్. పాయింట్ మడమ అరిగి గ్యాప్ తగ్గితే రిటార్డ్. కాబట్టి టైమింగ్ పెట్టి తర్వాత గ్యాప్ మారిస్తే చేసిన పని వృథా.

టైమింగ్ పెట్టడానికి ఆయన వాడింది రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల బల్బు. ఒకటో సిలిండర్ ప్లగ్ తీసి, రంధ్రం మీద వేలు పెట్టి, ఇంజన్ చేత్తో తిప్పితే వేలిని గాలి తోస్తుంది. అంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకొస్తోంది. అప్పుడు కింద క్రాంక్ పుల్లీ మీద ఉన్న గాటుని, కవర్ మీద ఉన్న గుర్తుకి ఎదురుగా ఆపాలి. ఎన్ని డిగ్రీల దగ్గర ఆపాలో మీ ఇంజన్ మాన్యువల్ చూడండి, కంప్రెషన్‌ని బట్టి మారుతుంది. రోటర్ ఒకటో సిలిండర్ వైరు వైపు చూస్తుండాలి. బల్బు ఒక వైరు డెల్కో పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కి, ఇంకోటి ఇంజన్ బాడీకి పెట్టి, తాళం ఆన్ చేయాలి. పాయింట్లు మూసుకుని ఉంటే బల్బు వెలగదు, తెరుచుకోగానే వెలుగుతుంది. ఈ ఇంజన్లో రోటర్ గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. అందుకని డెల్కో బాడీని ముందు ఆ రోటర్ తిరిగే వైపుకే తిప్పి బల్బు ఆరిపోయేలా చేసి, తర్వాత దానికి ఎదురు దిక్కులో మెల్లగా తిప్పుతూ, బల్బు వెలిగిన చోట ఆపి బోల్టు బిగించాలి. అంతే. తాళం మాత్రం ఆన్‌లో ఎక్కువసేపు ఉంచకండి, కాయిల్ వేడెక్కుతుంది.

నేను చెవితో పెట్టిన టైమింగ్‌ని ఆయన ఎంత వెనక్కి తిప్పారో చూసి సిగ్గేసింది. ఆయన తిట్టలేదు. "వైరు తెగిన బండికి టైమింగ్ మారిస్తే ఏం లాభం బాబూ? కాలు నొప్పని కళ్ళజోడు మార్చినట్టుంది" అన్నారు, అంతే.

మీరు ఇంట్లో చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ప్లగ్ వైర్లు ఊడదీసే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. ఈ ఇంజన్లో స్పార్క్ వరస 1-3-4-2, ఒక్క వైరు మారినా బండి సరిగ్గా నడవదు. ఇంజన్ తిరుగుతుండగా కాయిల్ మీదున్న లావు వైరు, ప్లగ్ వైర్లు ముట్టుకోకండి, షాక్ గట్టిగా కొడుతుంది. చున్నీ, వదులు చొక్కా ఫ్యాన్ దగ్గరికి రానివ్వకండి. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగండి. పెట్రోల్ వాసన గట్టిగా వస్తుంటే ఏ పరీక్షా వద్దు, ముందు లీకు చూడండి. ఇంకొకటి, ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక తిప్పి చూడండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలీదు. మీ బండి రోడ్డు మీద ఇలా తెగుతుంటే, బాగయ్యేదాకా హైవే ఎక్కకండి. మాకు ఆ రోజు లారీ డ్రైవర్ బ్రేక్ వేశాడు కాబట్టి ఈ వీడియో చేస్తున్నాను.

నెల గడువుకి ఇంకా నాలుగు రోజులుండగా నాన్నని మళ్ళీ అదే చోటికి తీసుకెళ్ళాను. ఈసారి ఆయన్నే నడపమన్నాను. రోడ్డు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగారు. తర్వాత ఒక్కసారి తొక్కారు. బండి లాక్కుని వెళ్ళిపోయింది. అవతల ఆపి, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చున్నారు. తర్వాత, "మీ తాతయ్య ఉంటే ఆ వైరు ముక్క దాచేవాడు" అన్నారు.

దాచాను. ఇదిగో, చూడండి, నా చేతిలో ఉన్నది అదే. కారు అమ్మట్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కాయిల్ వేడెక్కితే బండి ఎందుకు ఆగిపోతుందో, చల్లారాక ఎందుకు మళ్ళీ స్టార్ట్ అవుతుందో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.